అప్‌డేట్: కాజీపేటలో ప్రసంగం చెప్పాను

అక్క వాళ్ల సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) చర్చి అయ్యగారికి జ్వరం వచ్చి, చుట్టపుచూపుగా వెళ్లిన నన్ను మర్నాటి ఆరాధనలో వాక్యం చెప్పమని శనివారం రాత్రి అడిగారనీ, వేరే శాఖకు చెందిన బాప్టిస్టువాణ్ణి, ఒప్పుకోవచ్చా అనీ అడిగాను కదా. ఒప్పుకున్నాను. 1947లో కొన్ని ప్రొటెస్టెంటు సంఘాలు కలిసి సి.ఎస్.ఐ.గా ఏర్పడినప్పుడు మా బాప్టిస్టులు అందులో చేరలేదు గానీ, నన్ను ఆ సంగతి ఎవరూ అడగలేదు.

బైబిలు పాఠం వాళ్లు ఆ రోజుకు నిర్ణయించిందే: లూకా సువార్త 15. నేను ఎప్పుడో రాసుకున్న ప్రసంగం జేబులోనే ఉండిపోయింది. పద్దెనిమిది నిమిషాల్లో ముగించి, హమ్మయ్య అని కూర్చున్నాను. అంతలో అందరూ లేచి, నాకు అలవాటు లేని విశ్వాస ప్రమాణం కలిసి చెప్పడం అందుకున్నారు! పక్కనున్న సంఘ పెద్ద ఆరాధన క్రమం పుస్తకం నా ముందుకు జరిపి, వేలితో వరుస చూపించారు.

బయటికి రాగానే అక్క అంది: "మన బాప్టిస్టు చర్చిలో అయితే అప్పటికి ఉపోద్ఘాతమే అయ్యేది కాదు, తమ్ముడూ."