బస్సు పడని అమ్మకు ఆపరేషన్ తర్వాత వాంతులు రాకుండా ముందే ఏం చేయించాలి?

రాయచోటి అమ్మాయి:
అమ్మకు 54 ఏళ్లు. పిత్తాశయంలో రాళ్లున్నాయని వచ్చే గురువారం కడపలో లాప్రోస్కోపీ పెట్టుకున్నాం. నాకు ఆపరేషన్ కంటే ఆ రాత్రి గురించే టెన్షన్. మూడేళ్ల కిందట గర్భసంచి తీసినప్పుడు తెల్లవార్లూ వాంతులే. కుట్ల మీద చెయ్యి పెట్టుకుని, కక్కలేక, ఆపుకోలేక ఏడ్చింది. నర్సును పిలిస్తే "మత్తు దిగేదాకా అంతేలేమ్మా" అని వెళ్లిపోయింది. మామూలుగానే అమ్మకు బస్సు పడదు, గువ్వలచెరువు ఘాట్ వచ్చిందంటే కవరు చేతిలో ఉండాల్సిందే. షుగర్ కూడా ఉంది. ఈసారి ముందే ఏమైనా చేస్తారా?

అనంతపురం అన్న:
నాకు హెర్నియా ఆపరేషన్ అయిన సాయంత్రం ఆకలేసి గ్లాసుడు టీ ఒక్కసారే తాగేశాను, మొత్తం బయటికొచ్చింది. తర్వాత చెంచాతో నీళ్లిచ్చారు, నిలిచింది. తొందరపడి తాపించొద్దు చెల్లీ.

కర్నూలు సిస్టర్:
పాపా, నేను 26 ఏళ్లు ఆపరేషన్ థియేటర్‌లో పనిచేశాను. ఆ ఘాట్ సంగతి మత్తు డాక్టరుకు చెప్పు. సర్జన్‌కు చెప్పాం కదా అని ఊరుకోవద్దు. మత్తు డాక్టర్లు చూసేవి నాలుగు: ఆడమనిషి కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, ప్రయాణంలోనో ఇదివరకటి ఆపరేషన్ తర్వాతో వాంతులై ఉండడం, నొప్పికి మార్ఫిన్ జాతి మందు ఇవ్వాల్సి రావడం. నాలుగూ ఉంటే పదిమందిలో దాదాపు ఎనిమిది మందికి వికారమో వాంతులో వస్తాయి. మీ అమ్మకు మూడు ఇప్పటికే ఉన్నట్టున్నాయి.

ముందే తెలిస్తే గ్యాస్ మత్తు బదులు ప్రొపోఫాల్ అనే మత్తుమందును నరంలోనే ఎక్కిస్తూ నడిపించవచ్చు. వాంతులు రాకుండా మత్తిచ్చాక డెక్సామెథసోన్, ముగిసేముందు ఆన్‌డాన్‌సెట్రాన్ ఇస్తారు. రెండూ పనిచేసే తీరు వేరు, అందుకే కలిపి వాడతారు. డెక్సా షుగర్‌ను పెంచుతుంది, ఆ విషయం తప్పకుండా గుర్తుచెయ్యి. అయినా వాంతైతే, ఆరు గంటల్లోపు మళ్లీ అదే ఆన్‌డాన్‌సెట్రాన్ వేసి పెద్ద లాభం ఉండదు. వేరే రకం మందు వేస్తారా అని అడుగు. స్పిరిట్ దూది ముక్కు దగ్గర పెట్టి నెమ్మదిగా పీల్చమంటే కొందరికి వికారం తగ్గడం నేను చాలాసార్లు చూశాను.

"అంతేలేమ్మా" అన్నారని చదివి బాధేసింది. ఆ రాత్రి ఆమె అంత అవస్థ పడాల్సింది కాదు.

ఇంటికొచ్చాక వాంతులు ఆగకపోయినా, పచ్చగా పడినా, పొట్ట ఉబ్బినా, జ్వరమొచ్చినా, కళ్లు పసుపెక్కినా అది మత్తు వల్ల అనుకోకండి. వెంటనే తీసుకెళ్లండి.

రాయచోటి అమ్మాయి:
సిస్టర్, ఆపరేషన్ అయింది. ఘాట్ మాట చెప్పగానే మత్తు డాక్టరమ్మ కేస్‌షీటు మీద రాసుకున్నారు. రాత్రి ఒక్కసారే వాంతైంది, వేరే సూది వేశారు, పడుకుంది. షుగర్ 240 దాకా పోతే ఇన్సులిన్ ఇచ్చి దించారు. ఇంటికి కారులో ముందు సీట్లో కూర్చోబెట్టి, దిండు పొట్టకు అదుముకోమన్నాం. ఘాట్ ఎక్కేటప్పుడు ఒకసారి ఆపాం, అంతే. గువ్వలచెరువు రాగానే పిల్లలకు పాలకోవా తీసుకోమని తనే గుర్తుచేసింది.