అప్‌డేట్: ఎలుకల్లో రాత్రి మెలటోనిన్ ఎందుకు పెరగట్లేదో తెలిసింది
పోయిన నెల అడిగాను కదా, ప్రొప్రనొలాల్ (బీపీకి వాడే మందు) ఇచ్చిన చిట్టెలుకల్లోనూ ఇవ్వని వాటిల్లోనూ అర్ధరాత్రి మెలటోనిన్ (చీకట్లో పెరిగే హార్మోన్) దాదాపు సున్నానే వస్తోంది, దాన్ని కొలిచే కిట్ పాడైందా అని. కిట్‌ది తప్పేం లేదండి. మేం వాడింది సీ57 బ్లాక్ 6 రకం, వాటికి సెరటోనిన్‌ని మెలటోనిన్‌గా మార్చే దారిలో ఉండే ఎంజైమ్ జీన్‌లోనే లోపం ఉందట, ఇక పగలైనా రాత్రైనా ఒకటే! కామెంట్స్‌లో ఒకరు ముందే "స్ట్రెయిన్ ఏంటి" (అంటే ఏ రకం ఎలుకలు) అని అడిగారు, నేనే పట్టించుకోలేదు. సీ3హెచ్ రకంలో మెలటోనిన్ వస్తుంది గానీ వాటికి చూపు పోతుంది, వెలుతురుతో పని కాబట్టి మేడం వద్దన్నారు.

చివరికి చిట్టెలుకలు మానేసి విస్టార్ రకం పెద్ద ఎలుకలు తీసుకున్నాం. 12 గంటలు లైటు, 12 గంటలు చీకటి. చీకట్లో నరాల నుంచి నార్‌ఎపినెఫ్రిన్ అనే రసాయనం వచ్చి మెదడులోని పీనియల్ గ్రంథి మీదున్న బీటా రిసెప్టర్లని (ఆ రసాయనాన్ని అందుకునేవి) తడితేనే మెలటోనిన్ తయారవుతుంది, ప్రొప్రనొలాల్ ఆ రిసెప్టర్లనే మూసేస్తుంది. ఈసారి మందు లేని గుంపులో రాత్రి బాగా పెరిగింది, మందు గుంపులో అసలు లేవలేదు.

ఒక్క రాత్రి మాత్రం కంట్రోల్ (మందు లేని) గుంపులో కూడా ఢమాల్. ఎందుకా అని చూస్తే అటెండర్ అన్న పాపం గిన్నెలు కడగడానికొచ్చి ట్యూబ్‌లైట్ వేశాడు, ఎలుకలకి కొన్ని నిమిషాల వెలుతురు చాలు మెలటోనిన్ తయారుచేసే ఆ ఎంజైమ్ పడిపోడానికి. ఇప్పుడు స్విచ్ మీద ప్లాస్టర్ అంటించి, మసక ఎర్రలైట్లో బ్లడ్ తీస్తున్నాం.