ష్లీమన్‌ని పురావస్తు శాస్త్ర పితామహుడు అనొచ్చా?

మట్టిదిబ్బ:
ఒక క్విజ్‌లో "పురావస్తు శాస్త్ర పితామహుడు ఎవరు?" అన్న ప్రశ్నకి హైన్రిష్ ష్లీమన్ అని జవాబిచ్చారు. నాకు మింగుడు పడలేదు. ట్రాయ్ నగరం కోసం 1871 నుంచి 1873 దాకా ఇప్పటి టర్కీలోని హిసార్లిక్ దిబ్బని తవ్వించినాయన ఈయనే. ట్రోజన్ యుద్ధం గురించి పాడిన గ్రీకు కవి హోమర్ చెప్పిన ఊరు అట్టడుగున ఉంటుందని తనే తేల్చేసుకుని, దిబ్బ నడుమ పెద్ద కందకం కొట్టించాడు. అడ్డొచ్చిన గోడల్ని పీకించేశాడు. తీరా "ప్రియాం నిధి" (ప్రియాం అంటే హోమర్ కథలో ట్రాయ్ రాజు) అని చాటుకున్న బంగారం, ఒకదాని మీద ఒకటి కట్టిన ఊళ్లలో కింది నుంచి రెండోది, అంటే రెండో ట్రాయ్‌ది. ట్రోజన్ యుద్ధం జరిగిందనుకునే కాలం కంటే వెయ్యేళ్లకు పైగా పాతది! వెతుకుతున్న పొరని దాటేసి కిందికి పోయినాయన పితామహుడా?

కుండపెంకు:
ఇవాళ కూర్చుని తిట్టడం తేలికేనండీ. ఆ దిబ్బలో కొంత భాగం అక్కడుండే ఆంగ్లేయుడు ఫ్రాంక్ కాల్వర్ట్‌ది. 1863లో తవ్వకానికి సాయం చెయ్యమని బ్రిటిష్ మ్యూజియాన్ని అడిగితే వాళ్లు ముందుకు రాలేదు. ష్లీమన్ నీలిమందు లాంటి వ్యాపారాల్లో సంపాదించిన సొంత సొమ్ము తెచ్చి పోశాడు. ట్రాయ్ కట్టుకథ అని చాలామంది పండితులు కొట్టిపారేస్తున్న రోజులవి. 1876లో గ్రీసులోని మైసీనీలో బంగారు ముసుగులున్న సమాధులు బయటపెట్టిందీ ఆయనే కదా. పొరలవారీగా తవ్వడం అప్పట్లో ఎవరికి తెలుసు?

మట్టిదిబ్బ:
తెలిసినవాళ్లు ఉన్నారు. అప్పటికే అగ్నిపర్వతం బూడిదలో పూడిపోయిన పాంపేయిలో ఫియోరెల్లి అనే ఇటలీ పురావస్తు శాస్త్రవేత్త ఇళ్లని పైనుంచి కిందికి జాగ్రత్తగా తవ్విస్తున్నాడు. అక్కడ బూడిద గట్టిపడి, లోపలి శవం కుళ్లిపోయి, మనిషి ఆకారంలో ఖాళీ మిగిలేది. 1863లో ఆ ఖాళీల్లో ప్లాస్టర్ పోయించాడు. అది ఆరాక చుట్టూ ఉన్న బూడిద కొట్టేస్తే బట్ట మడతలు కూడా కనిపించాయి. మన ష్లీమనేమో ఉన్న గోడల్నే చూడలేదు. ట్రోజన్ యుద్ధ కాలపు వస్తువులే ఇంకా దొరకలేదని 1873లో కాల్వర్ట్ పేపర్లో రాస్తే, ఆయన మీదే మండిపడ్డాడు.

పాతలెక్క:
తవ్వకం సంగతి సరే, ఆ షాలువ కథ? భార్య సోఫియా నిధిని షాలువలో మూటగట్టి తీసుకెళ్లిందని రాశాడు. అప్పుడామె ఏథెన్స్‌లో ఉంది! తర్వాత ఒక ఉత్తరంలో తనే ఒప్పుకున్నాడు. నిధిని దేశం దాటించినందుకు ఒట్టోమన్ ప్రభుత్వం కేసు వేస్తే 50,000 ఫ్రాంకులు కట్టాడు.

నన్నడిగితే బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త పెట్రీకి ఓటేస్తాను. ఈజిప్టు సమాధుల్లో ఒక రకం కుండలకి పక్కన అలల్లాంటి పిడి ఉండేది, చేత్తో పట్టుకోవడానికి. పోనుపోను అది చిన్నదై, పనికిరాని అలంకారమై, చివరికి ఒట్టి గీతగా మిగిలింది. ఆ వరసని పట్టుకుని, రాతలేవీ లేని సమాధుల్లో ఏది ముందో ఏది వెనకో చెప్పాడాయన. బంగారం లేకుండానే.

కుండపెంకు:
షాలువ విషయంలో ఆయన్ని వెనకేసుకురాను. కానీ 1882లో డోర్ప్‌ఫెల్డ్ అనే ఆర్కిటెక్ట్‌ని పనిలో పెట్టుకున్నాడు, ఆయనతోనే పొరల లెక్క గాడిలో పడింది. 1890లో ఆరో పొరలో మైసీనీ తరహా కుండలు దొరికాయి. మైసీనీ తవ్విన ష్లీమన్‌కి ఆ కుండలు కొట్టిన పిండి, అవి ట్రోజన్ యుద్ధం జరిగిందనుకునే కాలం నాటివి. తన నిధి ఎంత పాతదో ఆ పూటే అర్థమై ఉండాలి పాపం. అదే ఏడాది డిసెంబరులో పోయాడు.

ఇంకోటి. ఆరో ట్రాయ్ నడిబొడ్డు కనపడకుండా పోవడానికి ఆయనొక్కడే కారణం కాదు. అథీనా గుడి కోసం గ్రీకులు, రోమన్లు ఆ గుట్ట పైభాగాన్ని ఎప్పుడో చదును చేసేశారు. అంతా ష్లీమన్ ఖాతాలో రాయకండి.

మట్టిదిబ్బ:
గుడి సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటా. ఆ కందకం మాత్రం ఆయన ఖాతాలోనే ఉంటుంది. క్విజ్ వాళ్లకి మెయిల్ పెడితే, "మరి ఎవరి పేరు వేయమంటారు?" అని తిరిగి అడిగారు. పాతలెక్క గారూ, పెట్రీ అని చెప్పేయనా?