పాస్టర్ వీడియోలో ఉండి చేసిన పెళ్లి చెల్లుతుందా? (అమెరికా)

వీడియోపెళ్లి: వధూవరులు, సాక్షులు ఒకచోట ఉన్నారు, పాస్టర్ మాత్రం వేరే రాష్ట్రం నుంచి వీడియో కాల్‌లో. ప్రమాణాలు అందరూ విన్నాక చెల్లకపోవడం ఏంటి?

లైసెన్స్‌ముఖ్యం: వినడంతో అయిపోదండీ. ఫలానా తేదీన ఫలానా చోట ఈ పెళ్లి నేను జరిపించాను అని, పెళ్లికి ముందు ప్రభుత్వం దగ్గర తీసుకునే మ్యారేజ్ లైసెన్స్ మీద పాస్టర్ సంతకం పెట్టాలి, అక్కడ లేకుండా పెడితే పెళ్లితో పాటు ఆయనా ఇరుక్కుంటాడు. పైగా వర్జీనియా లాంటి చోట్ల పాస్టర్ ముందే కోర్టు అనుమతి తెచ్చుకోవాలి, సొంత రాష్ట్రంలో ఎన్ని పెళ్లిళ్లు చేసినా సరే.

కాలంమారింది: 2020లో కరోనా అప్పుడు న్యూయార్క్ గవర్నరే వీడియో పెళ్లిళ్లకు ఉత్తర్వు ఇచ్చాడుగా? యూటా రాష్ట్రంలోని యూటా కౌంటీ (మన జిల్లా లాంటిది) కూడా ఆన్‌లైన్‌లో చేస్తోంది, ఆ పెళ్లిళ్లను తమ దేశంలో నమోదు చేయాల్సిందేనని 2023లో ఇజ్రాయెల్ సుప్రీంకోర్టే చెప్పింది. ఇంకా పాస్టర్ పక్కనే నిలబడాలనడం చాదస్తం.

లైసెన్స్‌ముఖ్యం: న్యూయార్క్ వెసులుబాటు 2021లోనే పోయింది. యూటా పెళ్లి యూటా లైసెన్స్‌తో జరిగేది, ఇంకో రాష్ట్రం లైసెన్స్ చేతిలో పెట్టుకుని యూటాలో చేస్తున్నారుగా అంటే ఆ లైసెన్స్ ఇచ్చిన కౌంటీ క్లర్క్ ఒప్పుకోడు.

వీసాక్యూ: జంటే చెరో దేశంలో ఉంటే ఇంకో తిరకాసు. పెళ్లప్పుడు ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు లేకపోతే, ఆ తర్వాత శారీరకంగా కలిస్తే తప్ప ఇమిగ్రేషన్ చట్టం ఆ పెళ్లిని గుర్తించదు. ఇది ఆఫీసర్ ముందు చెప్పుకోవాల్సి రావడం, పాపం.

చర్చిమనిషి: రాష్ట్రం ఒప్పుకుంటే చాలదు. కాథలిక్ చర్చి చట్టంలోని కానన్ (నిబంధన) 1104 ప్రకారం వధూవరులు ఒకచోట హాజరు కావాలి, లేదా ప్రతినిధిని పెట్టుకోవాలి. చెరో స్క్రీన్‌లో ఉన్న జంటకి ఫాదర్ పెళ్లి చేయలేడు, ఎంత బతిమాలినా.

వీడియోపెళ్లి: పోనీ, ప్రార్థన, ప్రసంగం మా పాస్టర్ వీడియోలో చేసి, సంతకం అక్కడే ఉన్న అర్హత గల ఇంకొకరు పెడితే?

లైసెన్స్‌ముఖ్యం: అది నయం. కానీ అక్కడున్న ఆ రెండో వ్యక్తితో సంతకం ఒక్కటే పెట్టిస్తే లాభం లేదు, సమ్మతి అడగడం, భార్యాభర్తలని ప్రకటించడం ఆయన నోటితోనే జరగాలి. ఏం చేయబోతున్నారో కౌంటీ క్లర్క్‌కి ముందే ఈమెయిల్ పెట్టి, రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

కాలంమారింది: అంటే మా పాస్టర్ ఉత్త అతిథి అన్నమాట.

లైసెన్స్‌ముఖ్యం: చట్టం లెక్కలో అంతే. నచ్చకపోతే యూటా లైసెన్స్‌కి అప్లై చేయండి, లేదా ఆయనకి టికెట్ కొనండి.