గుంటగలగరాకు నూనెకు బూజు పట్టింది, ఎక్కడ పొరపాటు?

మాది కావలి. డెంగీ తగ్గిన రెండు నెలలకు జుట్టు ఊడటం మొదలైంది, దువ్వితే చాలు గుప్పెడు. జ్వరాల తర్వాత ఇది మామూలేనని డాక్టరుగారన్నారు. ఐరన్, థైరాయిడ్ రిపోర్టులూ బాగానే ఉన్నాయి. అయినా టెన్షన్ ఆగదుగా!

మా అత్తమ్మ చెప్పిందని పొలంగట్టు మీది గుంటగలగరాకు కోసి, దంచి, రసం నాలుగు వంతులకు నువ్వుల నూనె ఒక వంతు పోసి కాచాను. చిటపటలు ఆగకముందే దించేసినట్టున్నాను, పది రోజులకే సీసాలో బూజు.

తడి పూర్తిగా ఇగిరిందని ఎలా గుర్తుపడతారు? ఒత్తి ముంచి వెలిగిస్తే చిటపటమనకూడదంటారు, ఆ పరీక్ష ఒక్కటే చాలా? ఉసిరి రసం ఇందులోనే పోయొచ్చా, విడిగా కాయాలా? ఇంట్లో కాచుకునేవాళ్లు కాస్త చెప్పండి. పాత నూనె పారబోశాను లెండి.