6040 సీఎన్‌సీ రౌటర్: వైర్ల చిక్కు, పెండెంట్ బిగింపు

గాజువాక_చెక్కపని:
అందరికీ నమస్కారం. షెడ్డు విశాఖలో పెదగంట్యాడ వైపు, సముద్రపు గాలి బాగా తగులుతుంది. మెషిన్ 6040 (కంప్యూటర్‌తో నడిచే చెక్క కోత యంత్రం), నేమా 23 స్టెప్పర్ మోటార్లు మూడు, 1.5 కిలోవాట్ వాటర్ కూల్డ్ స్పిండిల్ (కోత బిట్టుని తిప్పే మోటారు), దానికో వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే డ్రైవ్). మాక్3 అనే కంప్యూటర్ సాఫ్ట్‌వేర్ మీద నడుస్తుంది. కంట్రోలర్ బాక్సు బల్ల కింద ఉంది. అక్కణ్ణుంచి వచ్చే వైర్లన్నీ ఒకే మోపుగా కట్టి ఉన్నాయి. స్పిండిల్ తిప్పగానే లిమిట్ స్విచ్ (మెషిన్ హద్దు దాటకుండా ఆపే స్విచ్) తగిలినట్టు చూపించి మెషిన్ ఆగిపోతోంది. స్పిండిల్ ఆపితే ఏ గొడవా లేదు. పెండెంట్ (చేత్తో పట్టుకుని మెషిన్‌ని నడిపే రిమోట్) మేకుకి వేలాడుతోంది, దాని చుట్టల కేబుల్ గ్యాంట్రీకి (స్పిండిల్‌ని మోస్తూ ముందుకీ వెనక్కీ కదిలే అడ్డ దూలం) అడ్డం వస్తోంది. వైర్లు ఎలా విడగొట్టాలి, పెండెంట్ ఎక్కడ బిగించాలి?

మర్రిపాలెం_మోటార్లు:
ముందు ఆ మోపు విప్పెయ్యండి, రోగం అందులోనే ఉంది. వీఎఫ్‌డీ కరెంటుని సెకనుకి వేలసార్లు తెంపి కలుపుతూ స్పిండిల్‌కి పంపుతుంది. పక్కనే ఆనుకుని ఉన్న లిమిట్ వైర్లోకి ఆ నాయిస్ ఎక్కుతుంది. మోపు ఎంత చక్కగా, ఎంత బిగుతుగా కడితే అంత ఎక్కువ ఎక్కుతుంది.

మూడు దారులు పెట్టుకోండి. స్పిండిల్ కేబుల్ ఒక్కటీ ఒక వైపు. స్టెప్పర్ వైర్లు ఇంకో వైపు. లిమిట్, ప్రోబ్ (బిట్టు ఎత్తు కొలిచే సెన్సార్), పెండెంట్, యూఎస్‌బీ మూడో దారిలో. స్పిండిల్ కేబుల్‌కీ సిగ్నల్ వైర్లకీ కనీసం 100 మి.మీ. ఎడం ఉండాలి. ఎక్కడైనా దాటక తప్పకపోతే అడ్డంగా, 90 డిగ్రీల్లో దాటించండి. పక్కపక్కన పరిగెత్తనివ్వద్దు.

స్పిండిల్‌కి 1.5 స్క్వేర్ ఎంఎం నాలుగు కోర్ల షీల్డెడ్ కేబుల్ (పైన లోహపు అల్లిక ఉన్నది) వెయ్యండి. షీల్డ్‌ని వీఎఫ్‌డీ ఎర్త్ టెర్మినల్‌కి బిగించాలి. నాలుగో కోరు స్పిండిల్ బాడీకి ఎర్త్. ఇక్కడ ఒక సంగతి తప్పకుండా చూడండి: చాలా చైనా స్పిండిళ్లలో కనెక్టర్ నాలుగో పిన్ లోపల దేనికీ కలిపి ఉండదు. మల్టీమీటర్ పెట్టి ఆ పిన్నుకీ బాడీకీ మధ్య కంటిన్యుటీ (కరెంటు దారి) ఉందో లేదో చూడండి. లేకపోతే స్పిండిల్ క్లాంప్‌కి రింగ్ లగ్‌తో విడిగా ఎర్త్ ఇవ్వాలి. షాక్ కొట్టకుండా కాపాడేది అదే. వీఎఫ్‌డీ మూత తీసే ముందు మెయిన్స్ ఆపి, కెపాసిటర్లు దిగడానికి పది నిమిషాలు ఆగండి.

లిమిట్ వైర్లకి 0.25 స్క్వేర్ ఎంఎం షీల్డెడ్ చాలు. వాటి షీల్డ్ కంట్రోలర్ వైపు మాత్రమే ఎర్త్ చేసి, మెషిన్ వైపు కత్తిరించి హీట్‌ష్రింక్ తొడగండి. స్విచ్‌లు ఎన్‌సీ పద్ధతిలో (మామూలుగా కలిసి ఉండి, నొక్కితే తెగేవి) ఉంటే వైరు తెగినా మెషిన్ ఆగుతుంది. బోర్డులో 24 వోల్టుల ఆప్టో ఇన్‌పుట్ (సిగ్నల్‌ని వెలుతురు ద్వారా పంపేది) ఉంటే లిమిట్లు దానికే ఇవ్వండి, 5 వోల్టుల కంటే నాయిస్‌ని బాగా తట్టుకుంటుంది. మాక్3లో డీబౌన్స్ (క్షణకాలపు సిగ్నల్‌ని పట్టించుకోని సెట్టింగ్) పెంచితే అలారం రావడం తగ్గుతుంది కానీ జబ్బు అలాగే ఉంటుంది. వైరింగ్ సరిచేశాక చివర్లో మాత్రమే దాన్ని ముట్టుకోండి.

కంచరపాలెం_డ్రాగ్‌చైన్:
పైన చెప్పినదానికి డ్రాగ్ చైన్ (కదిలే కేబుళ్లని మోసే గొలుసు) లెక్క కలుపుతున్నా. చైన్ ఫిక్స్‌డ్ కొసని ప్రయాణం మధ్యలో బిగిస్తే పొడవు ఇలా వస్తుంది: ప్రయాణంలో సగం, దానికి 3.14 ఇంటూ వంపు వ్యాసార్థం కలిపి, పైన రెండు లింకులు. 600 మి.మీ. ప్రయాణం, ఆర్55 చైన్ (వంపు వ్యాసార్థం 55 మి.మీ.) అనుకుంటే 300 ప్లస్ 173, లింకులతో కలిపి సుమారు 520 మి.మీ. కొనేవాళ్లు ఎక్కువగా ఆర్28 చైన్ పట్టుకొస్తారు. 7 మి.మీ. లావు కేబుల్‌కి వంపు కనీసం ఏడున్నర రెట్లు, అంటే 52 మి.మీ. దాకా కావాలి. ఆర్28లో వేస్తే లోపలి రాగి పోగులు ఒకే చోట విరిగి, మోటారు ఉన్నట్టుండి గరగరలాడుతుంది. పైన తొడుగు చెక్కుచెదరదు కాబట్టి ఎక్కడ తెగిందో పట్టుకోవడం మహా కష్టం.

చైన్ లోపల జిప్ టై ఒక్కటి కూడా వెయ్యకండి, కేబుళ్లు వదులుగా జారాలి. రెండు కొసల దగ్గర మాత్రం గట్టిగా క్లాంప్ చెయ్యాలి. స్క్రూ టెర్మినల్‌లోకి వెళ్లే కొసలకి సోల్డర్ పుయ్యొద్దు. సోల్డర్ ఒత్తిడికి మెల్లగా అణిగి స్క్రూ వదులవుతుంది. ఫెరూల్ (వైరు కొసకి తొడిగే చిన్న లోహపు గొట్టం) వేసి క్రింప్ చెయ్యండి, అంటే నొక్కి బిగించండి. ఇంకో మాట, కరెంటు ఉండగా స్టెప్పర్ కనెక్టర్ ఊడదీస్తే డ్రైవర్ పోయే ప్రమాదం ఉంది.

ఎంవీపీ_మేకర్:
పెండెంట్ సంగతి నేను చెప్తా. మీరు కుడిచేతి వాటమైతే ముందు కుడి మూల, నేల నుంచి మీటరు ఎత్తు, గ్యాంట్రీ ఎంత ముందుకొచ్చినా అందని చోటు. అల్యూమినియం ప్రొఫైల్‌కి మాగ్నెట్ అంటదు కదా, అందుకని 3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు 60 బై 100 సైజులో కోయించి, ఎం5 టీ-నట్లు రెండిటితో ప్రొఫైల్‌కి బిగించండి. ఆటోనగర్‌లో షీట్ పని చేసేవాళ్లు కోసిస్తారు. ప్లేటుని 15 డిగ్రీలు వెనక్కి వాలిస్తే బటన్లు, డయల్ కనబడతాయి. పెండెంట్ వెనక రబ్బరు పూత ఉన్న పాట్ మాగ్నెట్లు రెండు పెట్టండి. ఉత్త నియోడిమియం మాగ్నెట్ మీ గాలికి నిలవదు, నికెల్ పూత కాస్త లేచిందంటే లోపల తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోతుంది. అడుగున చిన్న అంచు మడిచి ఉంచితే మాగ్నెట్ జారినా పెండెంట్ కింద పడదు. బ్రాకెట్ త్రీడీ ప్రింట్ చెయ్యాలంటే పీఈటీజీ ప్లాస్టిక్ వాడండి. రేకుల షెడ్డు ఎండకి పీఎల్‌ఏ వంగిపోతుంది.

కేబుల్‌కి అసలు దెబ్బ తగిలేది బాక్సు దగ్గర. పీజీ9 గ్లాండ్‌ (కేబుల్‌ని బిగించి పట్టే అమరిక) లోంచి తీసుకోండి, 4 నుంచి 8 మి.మీ. కేబుల్‌ని పడుతుంది. గ్లాండ్ దాటాక ఒక పీ-క్లిప్‌తో ప్రొఫైల్‌కి కట్టి, చుట్టలు అక్కణ్ణుంచి మొదలవ్వాలి. అప్పుడు లాగినా బలం క్లిప్ మీద పడుతుంది, టెర్మినల్ మీద పడదు. చుట్టలు ఎప్పుడూ సాగి ఉంటే కొన్నాళ్లకి స్ప్రింగు గుణం పోతుంది, అందుకే బ్రాకెట్ క్లిప్‌కి దగ్గర్లోనే ఉండాలి.

ఉప్పుగాలికి టిన్ పూత ఉన్న రాగి వైరు తీసుకోండి. జీఎక్స్16 కనెక్టర్ల పిన్నులకి డైఎలెక్ట్రిక్ గ్రీజు పలచగా రాయండి. గ్లాండ్లన్నీ బాక్సు అడుగు వైపే ఉంటే నీరు లోపలికి జారదు. ఫ్యాన్‌కి ఫోమ్ ఫిల్టర్ తప్పనిసరి, ఎండీఎఫ్ పొడి తేమని పట్టి ఉంచుతుంది. జ్ఞానాపురం వైపు షెడ్డు ఉన్నవాళ్లకి పోర్టు బొగ్గు పొడి కూడా తోడు, వాళ్లు ఫిల్టర్ ఇంకా తరచుగా కడగాలి. స్పిండిల్ నీళ్ల గొట్టాలు కరెంటు వైర్లకి దిగువనే వెళ్లాలి.

గాజువాక_చెక్కపని:
చాలా థాంక్స్ అండి. పెండెంట్ మీద ఎమర్జెన్సీ బటన్ ఉంది కదా, బల్లకి ఇంకోటి అవసరమా?

మర్రిపాలెం_మోటార్లు:
అవసరమే. పెండెంట్ ఎక్కడ పెట్టారో వెతుక్కునే పరిస్థితి రాకూడదు. ముందు అంచుకి ఎర్ర మష్రూమ్ బటన్ ఒకటి బిగించండి. దాని ఎన్‌సీ కాంటాక్టునీ పెండెంట్ బటన్ ఎన్‌సీ కాంటాక్టునీ సిరీస్‌లో కలిపి 24 వోల్టుల కాంటాక్టర్ కాయిల్‌కి ఇవ్వండి. ఆ కాంటాక్టర్ స్టెప్పర్ పవర్ సప్లై ఏసీ వైపుని తెంపాలి. దాని ఆక్సిలరీ కాంటాక్టుని వీఎఫ్‌డీ ఎక్స్‌టర్నల్ ఫాల్ట్ ఇన్‌పుట్‌కి కలపండి, ఏ పారామీటరో మీ వీఎఫ్‌డీ మాన్యువల్‌లో ఉంటుంది. బటన్ నొక్కాక మోటార్లు పట్టు వదిలేస్తాయి కాబట్టి, మళ్లీ హోమ్ చెయ్యకుండా (మెషిన్‌ని మొదటి స్థానానికి తీసుకెళ్లకుండా) పని కొనసాగించకండి.