స్టీమ్‌లో కొన్న గేమ్‌కి మళ్లీ ఇంకో లాంచర్ ఎందుకు?

కృష్ణాతీరం
నా పీసీలో గేములు కొనడానికీ తెరవడానికీ వాడే లాంచర్లు స్టీమ్, ఎపిక్, యూబీసాఫ్ట్ కనెక్ట్, ఈఏ యాప్, రాక్‌స్టార్ లాంచర్ అన్నీ ఉన్నాయి. ఏదీ సరదాకి వేసుకున్నది కాదు. స్టీమ్‌లో కొన్న జీటీఏ 5 ఆడాలన్నా మధ్యలో రాక్‌స్టార్ లాంచర్ తెరుచుకోవాల్సిందే. అస్సాసిన్స్ క్రీడ్ వల్హల్లా 2022 డిసెంబరులో స్టీమ్‌కి వచ్చిందని సంబరపడ్డాం. ప్లే నొక్కితే యూబీసాఫ్ట్ కనెక్టే లేస్తుంది. ఒక్కోదానికి ఒక ఖాతా, ఒక పాస్‌వర్డ్, ఒక ఓటీపీ. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆడేవాడికి రోజువారీ డేటా ఈ లాంచర్ల అప్‌డేట్లకే సరిపోతుంది. పీసీ గేములన్నీ స్టీమ్‌లోనే అమ్మితే ఎవరికి నష్టం? సూటిగా చెప్పండి.

మౌనిక_డెవ్
నాకు నష్టం. హైదరాబాద్‌లో ఒక చిన్న స్టూడియోలో పనిచేస్తున్నాను. స్టీమ్ మామూలుగా అమ్మకాల్లో 30 శాతం పట్టుకుంటుంది. ఒక గేమ్ కోటి డాలర్లు దాటితే 25, ఐదు కోట్లు దాటితే 20. అంటే ఆ తగ్గింపు అందేది పెద్దవాళ్లకే. ఆ శ్లాబులు కూడా ఎప్పుడొచ్చాయి? 2018 నవంబరు ఆఖరున. కొద్ది రోజులకే ఎపిక్ 12 శాతంతో స్టోర్ ప్రకటించింది. 2025 జూన్ నుంచి ఎపిక్ ఒక్కో గేమ్ మీద ఏడాదికి మొదటి పది లక్షల డాలర్ల దాకా అసలేమీ తీసుకోవట్లేదు. అంగడి ఒక్కటే ఉంటే ఇవేవీ జరిగేవి కావు.

ఓరుగల్లు_గేమర్
ఎపిక్‌ల ఫ్రీగ ఇచ్చినయి తీసుకునుడు, పైసలు పెట్టేటివి స్టీమ్‌ల కొనుడు. నా లెక్క గంతే.

కృష్ణాతీరం
మౌనిక గారూ, 30కీ 12కీ మధ్య తేడా మీ స్టూడియోకి మిగిలింది, సంతోషం. కొనేవాడికి ఏం మిగిలింది? ధర తగ్గిందా? ఒక్క ఉదాహరణ చూపించండి.

మౌనిక_డెవ్
మెట్రో ఎక్సోడస్. అమెరికాలో స్టీమ్‌లో 60 డాలర్లున్నది ఎపిక్‌లో 50కి ఇచ్చారు.

కృష్ణాతీరం
అమెరికాలో! నేను అడిగింది మనకి. పైగా ఆ ఉదాహరణ తెచ్చింది మీరే కాబట్టి మిగతా కథ కూడా చెప్పాలి. 2019 ఫిబ్రవరిలో విడుదలకి మూడు వారాలు కూడా లేదనగా స్టీమ్‌లో అమ్మకం ఆపేశారు. అప్పటికే డబ్బు కట్టినవాళ్లకి గేమ్ ఇచ్చారు, మిగతావాళ్లు ఏడాది ఆగారు. ఎక్కడ కొనాలో కొనేవాడు తేల్చుకోవాలి గానీ ప్రచురణకర్త కాదు. ఇక ఆ ఎపిక్ స్టోర్ సంగతి: నాలుగు గేములు ఒకేసారి కొనడానికి కార్ట్ పెట్టడానికి వాళ్లకి 2021 డిసెంబరు దాకా పట్టింది. మూడేళ్లు!

మౌనిక_డెవ్
కార్ట్ లేకపోవడం, నా గేమ్ బతకడం రెండూ ఒకటేనా? ధర అంటారు, ధర చూపిస్తే దేశం అంటారు, దేశం అంటే కార్ట్ అంటారు.

కృష్ణాతీరం
నేను మొదటి నుంచీ మన ధరే అడుగుతున్నాను. ఇంతవరకు జవాబు లేదు.

రాత్రి_షిఫ్ట్
ప్లేనైట్ వేసుకోండి, లేదా జీఓజీ స్టోర్ వాళ్ల గెలాక్సీ. అన్ని స్టోర్ల గేములూ ఒకే లిస్టులో కనపడతాయి.

కృష్ణాతీరం
లిస్టు కనపడుతుంది. నొక్కితే మళ్లీ ఆ లాంచరే కదా తెరుచుకునేది. లాగిన్ కూడా దానిదే.

బందరు_బాబాయ్
మీ వయసువాళ్లకి తెలియదు కాబట్టి రాస్తున్నాను. 2004లో హాఫ్ లైఫ్ 2 డిస్కు చేతిలో పట్టుకుని కూర్చున్నాం. డిస్కు ఉంది, సీడీ కీ ఉంది, అయినా నెట్‌లో స్టీమ్ ఖాతా తెరిస్తే గానీ ఆట మొదలవదు. ఆ రోజుల్లో డయల్ అప్ కనెక్షన్ మీద ఆ పని ఎంత నరకమో చెప్పలేను. ఇవాళ మీరు రాక్‌స్టార్‌నీ యూబీసాఫ్ట్‌నీ తిడుతున్న మాటలే అప్పుడు మేం స్టీమ్‌ని తిట్టాం. అలవాటైంది కాబట్టి అది మీకు లాంచర్‌లా అనిపించట్లేదు, అంతే.

కృష్ణాతీరం
బాబాయ్, స్టీమ్ బాగుపడింది. 2015 నుంచి రెండు గంటల లోపు ఆడి, రెండు వారాల లోపు అడిగితే డబ్బు వెనక్కిస్తోంది. 2024లో ఫ్యామిలీ షేరింగ్ మార్చి ఆరుగురి దాకా ఇంట్లో పంచుకునే వీలిచ్చింది. మా తమ్ముడు ఒక గేమ్, నేను ఇంకోటి ఒకే సమయంలో ఆడుకుంటున్నాం. మిగతావాళ్లు ఇందులో ఏం చేశారు? మౌనిక గారు కంపెనీ మనిషి, ఆవిడకి కమిషన్ తప్ప ఇవేవీ కనపడవు.

మౌనిక_డెవ్
కంపెనీ మనిషా? మా మొదటి గేమ్ రెండేళ్లు చేశాం. ఒక స్టోర్ ముందుగా గ్యారంటీ డబ్బు ఇవ్వబట్టి చివరి నెలల జీతాలు అందాయి. ఆ స్టోర్‌లో మాత్రమే కొన్నాళ్లు అమ్ముతామని ఒప్పుకున్నాం. ఒప్పుకోకపోతే ఆ గేమ్ ఏ స్టోర్‌లోనూ ఉండేది కాదు. అలన్ వేక్ 2 సంగతీ అంతే, డబ్బు పెట్టింది ఎపిక్, కాబట్టి 2023లో పీసీకి ఎపిక్‌లోనే వచ్చింది. ఆ ఒప్పందం చేసుకున్నాక ఇలాంటి వేదికల మీదే మమ్మల్ని అమ్ముడుపోయినవాళ్లన్నారు. గేమ్ ఆడనివాళ్లు కూడా అన్నారు. ఇప్పుడు మీరూ అదే అంటున్నారు.

మోడరేటర్
ఇద్దరికీ మనవి. విషయం మీదే మాట్లాడండి.

కృష్ణాతీరం
సరే, విషయమే చెప్తాను. స్టీమ్‌లో ఒక గేమ్ కొన్నాను. ప్రచురణకర్త లాంచర్ ఖాతాని మా ఇంజినీరింగ్ కాలేజీ ఇచ్చిన మెయిల్‌తో తెరిచాను, అప్పుడు అదే వాడేవాడిని. చదువయ్యాక కాలేజీ ఆ మెయిల్స్ మూసేసింది. పీసీ మార్చాక లాంచర్ కొత్త పరికరం అంటూ ఆ మెయిల్‌కే కోడ్ పంపుతోంది. స్టీమ్ నన్ను గుర్తుపడుతోంది, డబ్బు తీసుకుంది, గేమ్ మొత్తం నా హార్డ్ డిస్క్‌లో ఉంది. లోపలికి మాత్రం వెళ్లలేను. నేను కొన్న ఇంటికి నాకు తెలియని ఇంకొకడు రెండో తాళం వేసినట్టుంది. నాకు మీ కమిషన్ లెక్కలతో పేచీ లేదు. కొన్నది నాదా, కాదా?

మౌనిక_డెవ్
ఈ మాట మొదటే అని ఉంటే నేను ఆ శాతాలేవీ రాసేదాన్నే కాదు. ఇందులో మీ పక్షమే. కానీ కొన్నది మీది కావాలంటే అన్నీ స్టీమ్ చేతిలో పెట్టమనడం ఎలా మందవుతుంది? స్టీమ్‌లోనూ మీరు కొనేది లైసెన్సే. మీ ఖాతాని ఇంకొకరికి రాసివ్వడానికి కూడా వాళ్ల ఒప్పందం ఒప్పుకోదు. ‘కొనండి’ అనే మాట మీద కాలిఫోర్నియా 2024లో చట్టం చేసింది. ఆ ఏడాది అక్టోబరు నుంచి స్టీమ్ కూడా కార్ట్ దగ్గరే ఇది లైసెన్సు అని రాస్తోంది.

రాత్రి_షిఫ్ట్
ది క్రూ కూడా చెప్పాలి. 2014 గేమ్. 2024 మార్చి 31న సర్వర్లు ఆపేశారు, ఒంటరిగా ఆడే భాగానికీ ఆన్‌లైన్ కావాల్సిందే కాబట్టి అదీ పోయింది. ఆ తర్వాత, గేమ్ కొన్నవాళ్ల ఖాతాల్లోంచి లైసెన్సులు కూడా తీసేశారు. ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలైంది అక్కడే. నిజంగా మనదే కావాలంటే జీఓజీలో ఇన్‌స్టాలర్ ఫైల్ దించుకుని దాచుకోవడమే. దాన్ని ఆడటానికి ఏ లాంచరూ అక్కర్లేదు.

కృష్ణాతీరం
జీఓజీకి కొత్త పెద్ద గేములు ఎన్ని వస్తున్నాయి? స్టీమ్‌లో ఒక్క తాళమైతే నేను భరిస్తాను, దాని తాళంచెవి నా ఫోన్‌లో ఉంది. రెండోది వద్దంటున్నాను. మీ తర్వాతి గేమ్‌కి వేరే ఖాతా అడుగుతారా మౌనిక గారూ?

మౌనిక_డెవ్
అడగం. మొదటిదానికీ అడగలేదు. ఏ స్టోర్‌లో ముందు విడుదల చెయ్యాలన్నది మాత్రం జీతాలు చూసుకునే తేల్చుకుంటాం. మీకు నచ్చకపోయినా సరే.

బందరు_బాబాయ్
కొనేముందు స్టీమ్ పేజీలో కుడివైపు చూడండి. బయటి ఖాతా కావాలన్నా, బయటి డీఆర్‌ఎం (కాపీ కాకుండా వేసే తాళం) ఉన్నా ఒక పెట్టెలో రాసి ఉంటుంది. చాలామంది ట్రైలర్ చూసి కార్ట్‌కి పోతారు.

ఓరుగల్లు_గేమర్
కృష్ణాతీరం అన్నా, కొన్న రసీదు స్టీమ్‌ల ఉంటది గద. గది ఆ లాంచర్ సపోర్టోళ్లకు పంపినవా?

కృష్ణాతీరం
పంపాను తమ్ముడూ. ఖాతాలో నమోదైన మెయిల్ నుంచే రాయాలన్నారు.